గోపమ్మ కారెక్కిన రోజు

దసరా నాడు ఇనుముకు పెట్టిన బొట్టు ఆ ఇనుముకు తెలుస్తుందా, తెలియదా? ఈ అనుమానం ఐలేశానికి చిన్ననాటి నుంచీ ఉంది. నాగలి కర్రుకు బొట్టు పెడుతున్న తండ్రిని అడిగితే, "తెల్వకుంటె దున్నుతదా?" అన్నాడు. బడిలో పంతులును అడిగితే, నాలుగో తరగతి దాకా వచ్చినవాడు అడగవలసిన మాట కాదని చెవి మెలిపెట్టాడు. యాదగిరిగుట్ట మీద ఒక పూజారిని అడిగితే ఆయన తీర్థం పోసి, వెనుక జనం నిలబడ్డారు, ముందుకు జరగమన్నాడు. అప్పటి నుంచి ఐలేశం ఎవరినీ అడగలేదు. అనుమానాన్ని అనుమానంగానే ఉంచుకొని, బొట్టు మాత్రం ఏటా పెడుతూ వచ్చాడు. తెలిస్తే మంచిదే. తెలియకపోతే పోయేది చిటికెడు కుంకుమ.

కారు వచ్చిన తర్వాత ఆ అనుమానం ఇంకా ముదిరింది. జాగీర్లు పోయాక హైదరాబాదులో ఒక నవాబు గారి వారసులు బంగళాలోని సామాను వదిలించుకుంటున్నారని విని, ఐలేశం తన మందలో సగం గొర్లను చౌటుప్పల్ మీదుగా తోలుకుపోయి, వాటికి బదులు ఒక నల్లకారును తోలుకొచ్చాడు. దాని వయసెంతో ఆ వారసులకే తెలియదు. ఒక తలుపు వేస్తే ఇంకో తలుపు తెరుచుకునేది. అయినా ఎర్రగుంటపల్లెలో అదొక్కటే కారు. దసరాకు దాని ముందు గుమ్మడికాయ కొట్టి, బానెట్ నిండా బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసేవాడు. పూజలో వేసిన దండను మనం తీయకూడదు, దానంతట అదే రాలాలి అని ఆ ఇంటి పట్టింపు. అతని తల్లి గోపమ్మ మాత్రం ఆ కారును ఒక్కనాడూ మెచ్చుకోలేదు.

"గొర్రె అయితే ఏడాదికో పిల్లనిస్తది, ఉన్నినిస్తది. గిదేమిస్తదిరా? పొగ," అనేది.

గోపమ్మ కండ్లకు పొరలు కమ్మి చాలా కాలమైంది. మనుషులను నీడలనుకునేది, నీడలను మనుషులనుకొని పలకరించేది. నల్లగొండ దవాఖానకు హైదరాబాదు నుంచి పెద్ద కండ్ల డాక్టరు ఎప్పుడో ఒకసారి వస్తాడు. వచ్చినా పొద్దు నడినెత్తికి వచ్చేదాకే ఉంటాడు. ఐలేశం ఇంతకుముందు రెండుసార్లు తల్లిని బయలుదేరదీశాడు. ఒకసారి పిల్లి ఎదురొచ్చిందని, ఇంకోసారి కోడలు సోమమ్మ తుమ్మిందని ఆమె గడప దగ్గరి నుంచే వాపసు వచ్చి కూర్చుంది. పొరలు మరీ ముదిరితే కోసినా చూపు రాదని, ఇదే ఆఖరు అదను అని డాక్టరు ఈసారి కబురు పెట్టాడు. గోపమ్మ కూడా తన మాట చెప్పేసింది.

"వస్త. గని మూడోసారి గూడ ఆటంకమైతే ఇగ నన్ను అడగొద్దు. దేవుడు వద్దన్నంక డాక్టరేం జేస్తడు?"

ఆమె వస్తనన్నదే చాలని ఐలేశం సంబరపడ్డాడు. పొద్దున్నే స్నానం చేసి స్వామికి దీపం పెట్టడం, తల్లిని, సోమమ్మను కారులో కూర్చోబెట్టుకోవడం, డాక్టరు టీ తాగే వేళకు నల్లగొండలో దిగడం, ఇదీ అతను వేసుకున్న లెక్క. ముందు రోజంతా గోపమ్మ ఇల్లు అలికింది. వద్దంటే వినలేదు. "కండ్లు కోయిపిచ్చుకున్నంక వంగొద్దంటరట. అలుకు లేని ఇల్లు ఇడిసిపెట్టి నేను రాను," అని ఎర్రమట్టిలో పేడ కలుపుకొని, గోడలు చేత్తో తడుముకుంటూ వాకిలి నుంచి కొట్టం దాకా పూసింది. కారు ఆ కొట్టంలోనే, వెనుక భాగం గోడకు ఆనించి ఉంది.

తెల్లవారింది. గోపమ్మ తెల్లచీర కట్టుకొని, నొసట విభూది పెట్టుకొని వచ్చి కారు వెనుక సీట్లో కూర్చుంది. గాలి తగిలితే తల పోటు వస్తుందని చెవుల్లో దూది పెట్టుకుంది. దూది జారకుండా గదుమ కింది నుంచి నడినెత్తి దాకా ఒక గుడ్డ కట్టుకుంది. కండ్లు మూసుకొని స్వామి పేరు తలుచుకోవడం మొదలుపెట్టింది.

ఐలేశం బొట్టు తాకి కండ్లకద్దుకొని, కారు ముందుకు పోయి హ్యాండిల్ తిప్పాడు. ఇంజను గుర్రుమని లేచింది. కడుపుబ్బిన ఎద్దులాగా ఒక్క మూలుగు మూలిగి, లోపల్లోపలే దగ్గి, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే మూలుగు, అదే దగ్గు. నిన్నగాక మొన్న సంతకు పోయి వచ్చిన కారు!

"ఏందిరా, నడుస్తలేదా?" అన్నది లోపలి నుంచి గోపమ్మ.

"నడుస్తది అమ్మా. జర ఆగు. దిగి నీడకు కూసో."

"దిగుడా? ఎక్కిన కాలు కింద పెడితె మళ్ళ ఎక్కను. గది మూడో ఆటంకం అయితది. చూస్కో మరి."

ఐలేశం పెరటి పనికి వచ్చిన పెద్దులును ఇస్రాయేలు కోసం ఉరికించాడు.

ఇస్రాయేలు ఒకప్పుడు దొర లారీ నడిపినవాడు. ఇప్పుడు దొరా లేడు, లారీ లేదు, ఇస్రాయేలు నెత్తి మీద డ్రైవర్ టోపీ మాత్రం ఉంది. అతను వచ్చి కారు చుట్టూ తిరగకుండా, నేరుగా దాని ముఖం ముందు నిలబడి, చేయి చాపి బానెట్ మీద పెట్టాడు.

"ప్రభువు దయ వల్ల రోగం చిన్నదే పటేలా. బ్యాటరీ."

హారన్ నొక్కితే కొట్టంలోని బర్రె తాడు తెంపుకొని పోయింది. బ్యాటరీ కాదని తేలింది.

"అయితే పెట్రోలుల నీళ్ళు కలిసినయ్," అని ఇస్రాయేలు గొట్టం పెట్టి పీల్చి, పుక్కిలించి, ఉమ్మి, కాసేపు ఆలోచించాడు. "కలువలే. మంచి సరుకే."

"గంత మంచిగుంటె మింగకపోయినవ్?" అన్నది సోమమ్మ. "కారుకు దిష్టి తాకింది. ఊరంత దీని మీదనే కన్ను." లోపలికి పోయి ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి కారుకు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. దిష్టి పోయిందో లేదో గానీ అందరూ కండ్ల నీళ్ళు పెట్టుకొని అవతలికి పోయి దగ్గి వచ్చారు. కండ్లు మూసుకొని ఉన్న గోపమ్మకు మాత్రం ఏమీ కాలేదు.

తర్వాత ఇస్రాయేలు ప్లగ్గు ఊడదీశాడు. ఐలేశం కొత్త కండువాతో దాన్ని తుడిచి, వైరు తగిలించి పెద్దులు చేతికిచ్చాడు. "పట్టుకో. నేను హ్యాండిల్ తిప్పుత. నిప్పు వస్తాందో లేదో చూసి చెప్పు."

తిప్పాడు. పెద్దులు గాలిలోకి లేచి, కొట్టం గుంజకు తగిలి, కింద కూర్చున్నాడు. చాలాసేపు ఎవరి వైపూ చూడలేదు.

"నిప్పు మంచిగనే ఉన్నది పటేలా," అన్నాడు చివరికి.

ఇస్రాయేలు టోపీ తీసి తల గోక్కున్నాడు. గాలి పీల్చే చోట ముక్కు మూసుకుపోయిందేమోనని అది విప్పి ఊదాడు. అందులో ఒక ఎండిన గబ్బిలం దొరికింది. అందరూ జయమని అరిచారు. మళ్ళీ తిప్పితే మళ్ళీ ఆ మూలుగే. గబ్బిలం నవాబు గారి నాటిదై ఉంటుందని తేల్చారు. రోగం అంటే ముఖంలోనే ఉంటుందని అందరూ కారు ముందే గుమిగూడారు. వెనక్కు పోయి చూడాలని ఒక్కరికీ తోచలేదు.

పొద్దు తాడిచెట్టెత్తు లేచింది. ఐలేశం బానెట్ మీది బొట్ల వైపు చూశాడు. పూజ సరిగ్గానే చేశాడే! ఇనుముకు మనసుంటే అలిగిందా? అలిగితే ఎవరి మీద, ఎందుకు? స్వామే వద్దంటున్నాడా? తల్లికి చూపు రావడం స్వామికి ఇష్టం లేకపోవడం ఏమిటి? అట్లా అనుకున్నందుకు చెంపలు వేసుకున్నాడు.

"ఇగ ఒక్కటే ఉపాయం," అన్నాడు ఇస్రాయేలు. "రాళ్ళగూడెం దిగుడు దాక నూకుదాం. దిగుడుల ఇడిస్తె, గేరుల వేస్త. చచ్చినట్టు లేస్తది."

రాళ్ళగూడెం పక్క ఊరు. మైలు దూరం. దారి పొడుగునా గుండ్లు, తంగేడు పొదలు. అయినా సరే అన్నాడు ఐలేశం. ఊళ్ళో నలుగురు మనుషులు దొరికారు. పెద్దులు చేతులు తిమ్మిరెక్కి నూకడానికి పనికి రాలేదు. పుల్లలు పట్టుకోవడానికి మాత్రం పనికొచ్చాయి. అందుకని డప్పు తెచ్చుకున్నాడు. డప్పు దెబ్బ మీద అడుగు వేస్తే మనుషుల బలం కలుస్తుందని అతని మాట. మాట నిజమే. కారు కదిలింది.

"లేచినంక బండి నీళ్ళు తాగుతది. దారిల బాయి లేదు," అన్నాడు ఇస్రాయేలు. ఐలేశం ఒక కొత్త కుండ నిండా నీళ్ళు నింపి భుజానికెత్తుకున్నాడు. స్టీరింగు ముందు కూర్చున్న ఇస్రాయేలుకు ఆ పొడుగాటి బానెట్ అవతల దారి కనిపించదు. అందుకని గుంతలు చూపిస్తూ ఐలేశం కారుకు ముందు నడిచాడు. సోమమ్మ దారిలో తినడానికి జొన్నపేలాల మూట పట్టుకొని వెనుక నడిచింది. ఆ మూటకు చిరుగు ఉన్న సంగతి ఆమెకు తెలియదు. అడుగడుక్కూ కొన్ని పేలాలు దారిలో రాలుతూ వచ్చాయి.

ముందు కుండ మోస్తున్న కొడుకు. వెనుక డప్పు. దసరా నాటి బంతిపూల దండ ఇంకా వేలాడుతున్న బండి. అందులో నొసట విభూది, గదుమకు గుడ్డ, చెవుల్లో దూదితో కండ్లు మూసుకొని కదలకుండా కూర్చున్న ముసలమ్మ. దారంతా పేలాలు. ఇంకో కులం వాళ్ళ బండి అయితే, పోయినవాళ్ళను పడుకోబెట్టి కదా తీసుకుపోతారు అని చూసినవాళ్ళు సందేహపడేవాళ్ళేమో. కానీ ఐలేశం కులంలో పోయినవాళ్ళను కూర్చోబెట్టే సాగనంపుతారు. ఆ చుట్టుపక్కల అందరికీ ఆ సంగతి తెలుసు.

చేన్లలో పని చేస్తున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. రుమాళ్ళు తీశారు. ఒకరొకరే వచ్చి మాట్లాడకుండా కారుకు చేయి ఆనించారు. నలుగురు పదిమంది అయ్యారు, పదిమంది ముప్పై అయ్యారు. ఐలేశం ఆశ్చర్యపోయాడు. పిలవలేదు, అడగలేదు. బండి ఆగిందని చూసి ఇంతమంది సొంత పని వదిలి వస్తారా? లోకంలో ఇంత మంచితనం ఉందా?

"రాం రాం పోచయ్యా! ఎట్లున్నవ్?" అని ఎదురుపడ్డ ఒక పాత దోస్తును పలకరించాడు.

పోచయ్య జవాబు చెప్పలేదు. తల వంచుకొని, దండం పెట్టి, వెనక్కు పోయి బండి మీద చేయి వేశాడు. కుండ మోసే కొడుకుతో దారిలో మాట్లాడకూడదు, అది అక్కడి మర్యాద. ఐలేశం నిర్ఘాంతపోయాడు. తనేం తప్పు చేశాడు? ఇంకా ఇద్దరిని పలకరించాడు. ఇద్దరూ కండ్లు తుడుచుకొని పక్కకు జరిగారు. ఒక ముసలామె వచ్చి కారు చక్రానికి మొక్కింది. ఐలేశం నోరు తెరిచాడు. తను ఒక్కడే ఇనుముకు మొక్కే పిచ్చివాడని ఇన్నేండ్లూ అనుకున్నాడు.

కారు దిగుడు మొదలయ్యే చోటికి వచ్చింది. ఇస్రాయేలు ఆపమని చేయి ఊపాడు. అప్పుడు రాళ్ళగూడెం వైపు నుంచి గుండెలు బాదుకుంటూ, కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా ఒక ముసలామె ఎక్కి వచ్చింది. వచ్చీ రాగానే కారు పక్కనున్న పాదం చెక్క మీదికెక్కి, కిటికీ గుంజను కావలించుకొని శోకం అందుకుంది.

"ఓ అక్కో! నా గోపక్కో! మాటన్న జెప్పకపోతివే అక్కో!"

ఆమె బిక్షమ్మ. గోపమ్మకు తోడికోడలు, ఐలేశానికి చిన్నమ్మ, రాళ్ళగూడెంలోనే ఉంటుంది. పోయిందన్న కబురు బండి కంటే ముందే ఆ ఊరు చేరింది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు తోడికోడళ్ళకు ఒక ఇసుర్రాయి దగ్గర పేచీ వచ్చింది. బిక్షమ్మ కండ్ల నీళ్ళు పెట్టుకుంటే, "నీ ఏడ్పు గూడ దొంగ ఏడ్పే," అన్నది గోపమ్మ. ఆ తర్వాత గోపమ్మ భర్త పోయాడు. బిక్షమ్మ వచ్చింది, అన్ని పనులూ చేసింది, మూడు రోజులు ఉన్నది. ఒక్క కన్నీటి చుక్క మాత్రం రాల్చలేదు. దొంగ ఏడ్పు ఎందుకని మొండికేసింది. మొగుడు పోయిన దుఃఖం గోపమ్మకు కాలంతో పాటు తగ్గింది గానీ, బిక్షమ్మ పొడి కండ్లు మాత్రం మనసులో నుంచి పోలేదు. "నా పెనిమిటికి అది ఒక్క చుక్క బాకీ," అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఇద్దరికీ మాటలు లేవు.

"బావ పోయిన్నాడు మొండికేసి ఏడ్వకపోతినే అక్కో! గా ఏడ్పు, గీ ఏడ్పు, రెండు గలిపి ఏడుస్తున్ననే అక్కో!"

దూదిని లెక్కచేసే గొంతు కాదు అది. జపంలో ఉన్న గోపమ్మకు ఎక్కడో శోకం వినిపించింది. పక్కన ఎవరో ఏడుస్తుంటే ఊరికే కూర్చోవడం మర్యాద కాదు. ఒక చెవిలోని దూది తీసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తానూ రాగం కలిపింది. కొంచెం ఏడ్చాక మెల్లగా అడిగింది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"మా అక్క," అన్నది బిక్షమ్మ కండ్లు తెరవకుండానే.

"ఏ ఊరు?"

"ఎర్రగుంటపల్లె."

"మా ఊరే! ఎవల తల్లి?"

"ఐలేశం తల్లి. గోపక్క."

గోపమ్మ ఏడ్పు ఆపింది. ఎర్రగుంటపల్లెలో ఐలేశం తల్లి గోపమ్మ ఇంకెవరున్నారా అని ఆలోచించింది. ఎవరూ లేరు. కండ్లు తెరిచింది. ఎప్పటిలాగే అంతా తెల్లగా, మబ్బులో ఉన్నట్టుంది. చుట్టూ నీడలు చేతులు జోడించి ఉన్నాయి. డప్పు మోగుతోంది.

"ఐలేశం," అని పిలిచింది. "నిజం జెప్పు కొడుకా. నేనెప్పుడు పోయిన?"

ఐలేశం వెనక్కు తిరిగాడు. జోడించిన చేతులు, డప్పు, దండ, దారి పొడుగునా తెల్లగా పడి ఉన్న పేలాలు, అన్నీ ఒక్కసారే కనిపించాయి. తర్వాత తన భుజం మీది కుండ కనిపించింది. "అమ్మో!" అన్నాడు.

బిక్షమ్మ కండ్లు తెరిచింది. జానెడు దూరంలో, గదుమకు గుడ్డ కట్టిన ముఖం ఆమె వైపు తిరిగి జవాబు కోసం చూస్తోంది. బిక్షమ్మ కేక వేసింది. ఆ కేకకు గోపమ్మ కేక వేసింది. "లేచిందిరో!" అని ఎవరో అరిచారు. కారును పట్టుకున్నవాళ్ళు, దండం పెడుతున్నవాళ్ళు, ముప్పై మందీ ఒక్కసారే పరుగెత్తారు. పెద్దులు డప్పు వదిలి చెట్టెక్కాడు.

పట్టుకునేవాళ్ళు లేని కారు దిగుడులో కదిలింది. ఐలేశం పక్కకు దుమికాడు. లోపల గోపమ్మ, పాదం చెక్క మీద గుంజను విడవని బిక్షమ్మ, స్టీరింగు దగ్గర ప్రభువును పిలుస్తున్న ఇస్రాయేలు, ముగ్గురితో కారు వేగం అందుకుంది. ఇస్రాయేలు ప్రార్థనలోనే గేరు వేశాడు. ఇంజను మూలిగింది. ఉబ్బింది. ఇంకా ఉబ్బింది.

ఢాం!

ఆ ఊళ్ళవాళ్ళు రజాకార్ల కాలం చూసినవాళ్ళు. అట్లాంటి చప్పుడు వినబడితే ఎటువైపు నుంచి అని అడగరు, ముందు నేల మీద పడుకుంటారు. అందరూ పడుకున్నారు. చప్పుడు విన్నవాళ్ళలో నిలబడ్డవాడు ఐలేశం ఒక్కడే. కారు వెనుక నుంచి దూసుకొచ్చిన ముద్ద ఒకటి అతని భుజం మీది కుండకు తగిలింది. కుండ పగిలి నీళ్ళన్నీ నెత్తి మీద పడ్డాయి. చిట్టచివర నడుస్తూ ఏమీ తెలియని ఒక చెవిటి తాత, కొడుకు కుండ పగలగొట్టాడు గనుక పని అయిపోయిందనుకొని స్నానానికి వాగు వైపు పోయాడు.

దిగుడు కింద నల్లకారు ఆగి ఉంది. ఆగినా ఇంజను ఆగలేదు. కొత్త పెండ్లికొడుకు గుర్రంలాగా చక్కగా ఊగుతోంది.

ఐలేశం, సోమమ్మ ఆయాసపడుతూ దిగి వచ్చేసరికి తోడికోడళ్ళిద్దరూ అప్పుడే మొదలుపెట్టారు.

"సావకుండ సచ్చినట్టు కూసుంటవా? సిగ్గు లేదా?" అంటోంది బిక్షమ్మ.

"బతికున్ననో లేదో చూస్కోకుండ ఏడుస్తవా? పొరలొచ్చింది నా కండ్లకా, నీ కండ్లకా?" అంటోంది గోపమ్మ.

సోమమ్మ చేతిలో ఆ ముద్ద ఉంది. ఎండిన ఎర్రమట్టి, పేడ. నడుమ ఒక గుడ్డపేలిక. ఒక పక్క నున్నగా, వేళ్ళ గుర్తులతో ఉంది. ఆమె ఆ పేలికను తిప్పి తిప్పి చూసి, "గిది నా పాత రైక," అన్నది. "అలుకు పేలిక."

ఐలేశం ఆ ముద్దను చూశాడు. కారు వెనుక పొగ గొట్టాన్ని చూశాడు. తల్లిని చూశాడు.

"అమ్మా, నిన్న కొట్టంల ఏమన్న బొర్ర మూసినవా?"

"మూసిన. గోడ కింద గుండ్రటి బొర్ర ఉండె. చెయ్యి పెడితె సల్లగ తగిలింది. పాము బొర్ర అనుకొని పేలిక కుక్కి, మట్టి పెట్టి, మంచిగ పామిన. ఏం?"

ఇస్రాయేలు టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు. ఐలేశం తల తిరిగిపోయింది. చూపు లేక బండి ఆగింది. బండి ఆగితే చూపు రాదు. ఇందులో స్వామి ఎక్కడున్నాడు, ఇనుము ఎక్కడుంది?

సంగతి అర్థమయ్యాక గోపమ్మ గదుమ గుడ్డ విప్పింది.

"బండి ఇంటికి మలుపు."

"అమ్మా!"

"నా చేతితోనే నా తొవ్వ మూయిపిచ్చిండు దేవుడు. మీదికెళ్ళి సావు గూడ అయిపాయె. ఇంతకంటె పెద్ద ఆటంకం ఉంటదా? సాగనంపినంక దవాఖానకు పోయినోళ్ళను ఎక్కడన్న చూసినవా?"

"స్వామి వద్దనుకుంటె బండిని మళ్ళెందుకు నడిపిస్తడే?" అన్నాడు ఐలేశం.

"ఇంటికి పోనీకి."

ఐలేశం పొద్దు వైపు చూశాడు. ఇంకా సమయం ఉంది. ఉన్న సమయమంతా ఆ రోడ్డు మీదే కరిగిపోతోంది. రోడ్డు పక్క గుండు మీద కూలబడి తడి కండువాతో ముఖం కప్పుకున్నాడు.

బిక్షమ్మ కొంగు దులుపుకొంది. "నేను పోతున్న. మందిల అనవసరంగ బద్నాం అయిన."

"బద్నాం ఏముందే? ఏడ్చినవ్ కద," అన్నది గోపమ్మ. "నా కోసం ఒకటి, మా ఆయన కోసం ఒకటి. నా చెవులతోనె విన్న."

"నేనేడ్వలే. అరిసిన గంతే. కండ్లల్ల దుమ్ము పడ్డది."

"కండ్ల నీళ్ళు కారినయ్ చిన్నత్తా, నేను చూసిన," అన్నది సోమమ్మ.

"ఎవలు చూస్తె ఏంది? మీ అత్త చూడలే కద!"

గోపమ్మ ఆ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. తెల్లటి మబ్బు. అందులో ఒక నీడ. ఆ నీడకు కండ్లు ఎక్కడున్నాయో, అవి తడిగా ఉన్నాయో పొడిగా ఉన్నాయో చెప్పేవాళ్ళు లేరు. చేయి చాపింది. నీడ వెనక్కు జరిగింది.

"గా నాడు నాకు కండ్లుండె, దీనికి కన్నీళ్ళు లేకుండె," అన్నది గోపమ్మ, ఎవరితోనో కాదు, తనతోనే. "గియాల దీనికి కన్నీళ్ళున్నయట, నాకు కండ్లు లెవ్వు."

విప్పిన గుడ్డను మళ్ళీ గదుమకు బిగించి కట్టుకుంది.

"ఐలేశం! ఏం కూసున్నవ్‌రా? తోలు బండి నల్లగొండకు."

ఐలేశం ముఖం మీది కండువా తీశాడు. "మరి ఆటంకం?"

"ఆటంకం లేదు, గీటంకం లేదు. ఇది రోజు అబద్ధమాడుతాంటె నేను గుడ్డిదాన్నై వింటు కూసోవాల్నా? ఏయ్ బిక్షీ, ఎక్కు."

"నేనెందుకు?"

"నువ్వు లేకుంటె కండ్లొచ్చి ఏం జూడాలె నేను? ఎక్కు!"

బిక్షమ్మ తిట్టుకుంటూ ఎక్కింది. ఎక్కింది గానీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వాళ్ళు దవాఖాన చేరేసరికి డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. ఆలస్యమెందుకైందని కోప్పడ్డాడు. ఐలేశం చెప్పడం మొదలుపెట్టి, ఎక్కడి నుంచి చెప్పాలో తెలియక ఆపేశాడు. "నన్ను సాగనంపి వచ్చేసరికి జర పొద్దెక్కింది దొరా," అన్నది గోపమ్మ. డాక్టరు ఒక్క నిమిషం ఆమె ముఖంలోకి చూసి, చేతులు మళ్ళీ కడుక్కొని, లోపలికి తీసుకురమ్మన్నాడు.

కట్టు విప్పేదాకా బిక్షమ్మ ఇంటికి పోలేదు. పోనని చెప్పనూ లేదు. మంచం పక్కన కూర్చొని గంజి తాగించింది, తల దువ్వింది. ఇసుర్రాయి నీదా నాదా అని గోపమ్మతో రోజూ పోట్లాడింది. పక్క మంచాల వాళ్ళు నర్సమ్మకు ఫిర్యాదు చేశారు.

కట్టు విప్పే రోజు వచ్చింది. నర్సమ్మ దూది తీసి, మందమైన అద్దాలు పెట్టింది. గోపమ్మ రెప్పలు కొట్టుకుంటూ కిటికీ వెలుతురును చూసింది. దండం పెట్టుకుంటున్న కొడుకును చూసింది. తర్వాత మంచం పక్కన ఎటో చూస్తున్నట్టు కూర్చున్న మనిషి గదుమ పట్టుకొని తన వైపు తిప్పుకుంది. తెల్లబడ్డ జుట్టు, ముడతలు పడ్డ చెంపలు, ఊడిపోయిన ముందు పన్ను. చాలాసేపు చూసింది.

"ఇంత ముసల్దానివైతివేందే?"

"నువ్వేమన్న పెండ్లిపిల్లవా?"

"మా ఆయన లేచి వచ్చి చూసినా నిన్ను గుర్తుపట్టడే బిక్షీ. 'మా తమ్ముని భార్య నవ్వితె ఇల్లంత నవ్వుతది' అంటుండె."

బిక్షమ్మ ఏదో జవాబు చెప్పబోయింది. ముఖం తిప్పుకోబోతే గోపమ్మ గదుమ వదలలేదు. కుడి కంటి నుంచి ఒక చుక్క జారి, ముడతల్లో దారి వెతుక్కుంటూ కిందికి వచ్చింది.

"గిది బావకు," అన్నది బిక్షమ్మ గొణుగుతూ.

గోపమ్మ అద్దాలు సర్దుకొని దగ్గరికి వంగి చూసింది. ఆ చుక్కను చూపుడు వేలితో అందుకొని, నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పగనే ఉన్నది," అన్నది.